కారు ఇంజిన్ వేడెక్కుతోందా? పార్టు మార్చే ముందు కారణం పట్టుకునే పద్ధతి

ఏప్రిల్ వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏదో ఒక బండి బానెట్ లేచే ఉంటుంది. చుట్టూ నలుగురు, నాలుగు సలహాలు. "రేడియేటర్ మార్చు", "వాల్వ్ పీకెయ్", "కూలెంట్ పోసి చూడు", "ఇక అమ్మెయ్". నన్ను అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎప్పుడు వేడెక్కింది? సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడా, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద పరిగెత్తేటప్పుడా?

ఆ ఒక్క జవాబుతో అనుమానాలు సగానికి సగం తగ్గిపోతాయి. జవాబు లేకుండా గ్యారేజీకి వెళ్తే మాత్రం, చవకైన పార్టు దగ్గర మొదలుపెట్టి ఖరీదైన పార్టు దాకా వరసగా మార్చుకుంటూ పోతారు. బిల్లు మీది. అందుకే ఇక్కడ రిపేరు కన్నా పరీక్షల గురించే ఎక్కువ రాస్తున్నాను. ఇవన్నీ మామూలు పెట్రోలు, డీజిల్ కార్లకు. హైబ్రిడ్ కార్ల జోలికి ఇంట్లో వెళ్లకండి.

1. రోడ్డు మీద ముల్లు లేస్తే

డ్యాష్‌బోర్డులో ఇంజిన్ వేడిని చూపే ముల్లు మామూలు చోటు దాటి పైకి కదులుతోంది, ఎర్ర లైటు ఇంకా రాలేదు అంటే కాస్త వ్యవధి ఉన్నట్టే. ఏసీ ఆపండి. అద్దాలు దించండి. హీటర్‌ను పూర్తి వేడి వైపు తిప్పి బ్లోయర్ ఫుల్లుగా పెట్టండి. మే నెల మధ్యాహ్నం పంజాగుట్టలో హీటర్ వేసుకోమంటే నన్ను తిట్టుకుంటారని తెలుసు. కానీ డ్యాష్‌బోర్డు లోపల ఉన్న హీటర్ కూడా ఒక బుల్లి రేడియేటరే. బండిని పక్కకు తీసేదాకా ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది.

ఎర్ర లైటు వెలిగినా, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చినా ఇక ఆలోచించొద్దు. ఎడమ పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే, ఇంటికి చేరిపోదాం" అనుకున్న ఆ రెండు కిలోమీటర్లలోనే ఇంజిన్ పై భాగమైన అల్యూమినియం హెడ్ వంగుతుంది.

ఓఆర్ఆర్ మీద అయితే ఎడమ అంచుకు తీసి, పార్కింగ్ లైట్లు వేసి, అందరూ దిగి రెయిలింగ్ అవతల నిలబడండి. అక్కడ బండి ముందు నిలబడి బానెట్‌లోకి తొంగిచూడటం ఇంజిన్ వేడి కన్నా ప్రమాదం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద అయితే పక్కకు తీసే జాగానే తక్కువ. ముల్లు కదలడం మొదలవగానే, ఎర్ర లైటు కోసం ఎదురుచూడకుండా, దగ్గర్లోని దిగుడు ర్యాంపు పట్టుకోండి.

చిన్న కార్లలో చాలావాటికి ముల్లే ఉండదు, రెండు లైట్లే. నీలం అంటే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని, ఎరుపు అంటే ఆపమని. మధ్యలో హెచ్చరిక ఏమీ ఉండదు కాబట్టి ఎరుపు చూస్తే ఆగాల్సిందే.

ఇంకో మోసం ఉంది. బాగా పైకి లేచిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే "హమ్మయ్య, చల్లబడింది" అనుకోకండి. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మొత్తం కారిపోయి, సెన్సర్ చుట్టూ గాలి మాత్రమే మిగిలితే కూడా ముల్లు అలాగే పడుతుంది.

వేడిగా ఉండగా రేడియేటర్ మూత ఎందుకు తీయకూడదో ఒక లెక్క చెబుతాను. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అదే నీళ్లను 0.9 బార్ ఒత్తిడి పట్టే మూత బిగించిన రేడియేటర్‌లో పెడితే దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. అంటే 110 డిగ్రీల్లో లోపల కదలకుండా ఉన్న నీరు, మూత తిప్పిన క్షణం ఒక్కసారిగా ఆవిరై పైకి ఎగజిమ్ముతుంది. ముఖం, చేతులు, మెడ కాలేది అలాగే. తడిగుడ్డ వేసి తీసినా అంతే.

ఆగాక చేయాల్సినవి:

- కనీసం 40 నిమిషాలు ఆగండి. రేడియేటర్ పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా తగిలాకే మూత వైపు వెళ్లండి.
- ఇంజిన్ మీద గానీ, వేడి రేడియేటర్‌లో గానీ చల్లటి నీళ్లు గుమ్మరించకండి. హెడ్ పగుళ్లిచ్చే అవకాశం ఉంది.
- ఇంజిన్ ఆపినా ఫ్యాన్ తనంతట తను తిరగొచ్చు. వేళ్లు దూరం.
- ఫోన్‌లో రాసుకోండి: ఏసీ ఉందా లేదా, వేగం ఎంత, ఎంత దూరం నడిచాక మొదలైంది, ఆగాక ఫ్యాన్ తిరిగిందా, ఎక్కడి నుంచి కారింది.

చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు. రోగ నిర్ధారణలో సగం అదే.

2. ఎప్పుడు వేడెక్కుతోంది?

నిలబడితే వేడి, కదిలితే చల్లన. మెహదీపట్నంలో ముల్లు లేచి, ఫ్లైఓవర్ ఎక్కి గాలి తగలగానే దిగిపోతోందంటే రేడియేటర్‌లో నీళ్లు తిరుగుతున్నాయి, గాలే తగలడం లేదు. ఫ్యాన్, రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు), ఫ్యూజు, సెన్సర్, దుమ్ముతో మూసుకున్న రేడియేటర్ జాలీ. వెతకాల్సింది వీటిలోనే.

వేగంలో వేడి, నిలబడితే తగ్గుదల. ఓఆర్ఆర్ మీద 100 దగ్గర ముల్లు మెల్లగా పాకుతోందంటే ఫ్యాన్‌ను వదిలేయండి. ఆ వేగంలో గాలి దానంతట అదే వస్తుంది. లోపల పూడుకుపోయిన రేడియేటర్, సగమే తెరుచుకుంటున్న థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలేది, అందరూ "వాల్వ్" అనేది దీన్నే), అరిగిన వాటర్ పంపు, లోపలికి పీల్చుకుపోతున్న కింది హోస్. నీళ్ల ప్రవాహం సమస్య ఇది.

స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల్లోనే వేడి. కూలెంట్ బాగా తక్కువ ఉండాలి, లేదా థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి. ఈ మధ్యే కూలెంట్ మార్పిస్తే ఎయిర్‌లాక్, అంటే లోపల చిక్కిన గాలి. ఇవేవీ కాకపోతే హెడ్ గ్యాస్‌కెట్ (హెడ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు).

ఏసీ వేస్తేనే వేడి. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందు ఉంటుంది. తన వేడిని వెనక్కు తోస్తుంది. అంతంతమాత్రంగా పనిచేస్తున్న వ్యవస్థ ఆ అదనపు బరువుతో బయటపడుతుంది. ముందు జాలీల మధ్య చెత్త చూడండి, తర్వాత ఫ్యాన్ రెండో వేగం పనిచేస్తోందో లేదో చూడండి.

ముల్లు పైకీ కిందికీ ఊగడం. లోపల గాలి ఉంది, లేదా కూలెంట్ తక్కువగా ఉంది. ఎప్పుడో ఒకసారి థర్మోస్టాట్ అంటుకుని వదలడం వల్ల కూడా.

తాళం తిప్పగానే, చల్లటి ఇంజిన్‌లోనే ముల్లు పైన. ఇంజిన్ వేడెక్కలేదు, సెన్సరో వైరో అబద్ధం చెబుతోంది.

3. దగ్గర పెట్టుకోవాల్సిన సామాన్లు

- మంచి టార్చి, పాత కాటన్ గుడ్డలు, మందపాటి గ్లవ్స్
- బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్, ఫోన్‌లో దాని యాప్
- 12 వోల్టుల టెస్ట్ లాంప్ లేదా మల్టీమీటర్
- డిస్టిల్డ్ వాటర్, బండి మాన్యువల్‌లో చెప్పిన కూలెంట్
- గరాటు, పెద్ద అట్టముక్క

ఇందులో ఒక్కటే కొనగలిగితే ఓబీడీ స్కానర్ కొనండి. డ్యాష్‌బోర్డు ముల్లును కంపెనీలు కావాలనే మొద్దుగా చేస్తాయి. చాలా కార్లలో 80 నుంచి 100 డిగ్రీల దాకా అది నడుమనే కూర్చుంటుంది. స్కానర్ మాత్రం 91, 94, 97 అని అసలు అంకె చెబుతుంది. ఎక్కువ కార్లు 85 నుంచి 105 మధ్య తిరుగుతాయి. మీ బండి బాగున్న రోజుల్లోనే ఒకసారి చూసి ఆ అంకె రాసిపెట్టుకుంటే, చెడ్డ రోజున పోల్చుకోవడానికి ఉంటుంది.

4. తెల్లారగానే, చల్లటి ఇంజిన్‌తో చూడాల్సినవి

రాత్రంతా ఆగిన బండి కావాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గంట ఆగి చేస్తే సరిపోదు.

కూలెంట్ స్థాయి. బాటిల్ మీద కనిష్ఠం, గరిష్ఠం గీతల మధ్య ఉందా చూడండి. అంతటితో ఆగకండి. రేడియేటర్‌కు వేరే మూత ఉన్న బండ్లలో బాటిల్ నిండుగా ఉండి, రేడియేటర్ ఖాళీగా ఉండొచ్చు. మూత పాడైతే చల్లబడేటప్పుడు రేడియేటర్ బాటిల్‌లోంచి నీళ్లు వెనక్కు పీల్చుకోలేదు. "బాటిల్ ఫుల్లుగానే ఉంది కదా" అని మోసపోయేది ఇక్కడే. మూత తీసి అంచు దాకా ఉందో లేదో చూడండి. కొన్ని కార్లలో మూత బాటిల్‌కే ఉంటుంది, అక్కడ ఈ గొడవ లేదు.

రంగు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం ఏదైనా సరే, తేటగా ఉండాలి. తుప్పు రంగులో ఉంటే ఎవరో మామూలు నీళ్లు పోసి ఉండొచ్చు. పైన నూనె తెట్టు ఉంటే నేరుగా 7వ భాగానికి వెళ్లండి. రంగు ఒకటే అయితే కూలెంటూ ఒకటే అనుకోవద్దు. రకం మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

మూత. రబ్బరు పగిలిందా, స్ప్రింగు పట్టు ఉందా చూడండి. ఇంజిన్ చల్లారాక హోస్ పైపు చప్పిడిగా నొక్కుకుపోయి ఉంటే, మూతలోని చిన్న వాల్వ్ పోయినట్టు. మొత్తం వ్యవస్థలో చవకైన పార్టు ఇదే కాబట్టి అనుమానం వస్తే మార్చేయండి. మూత మీద 0.9, 1.1 అని ఒత్తిడి అచ్చేసి ఉంటుంది, అదే అంకె కొనండి. "ఎక్కువదైతే మంచిది కదా" అని పెద్ద అంకె మూత పెడితే, పాత హోసో ప్లాస్టిక్ ట్యాంకో పగులుతుంది.

హోసులు. మెలికల దగ్గర నొక్కి చూడండి. పెళుసుగా కరకరలాడకూడదు, ఉబ్బి స్పంజిలా ఉండకూడదు. క్లిప్పుల దగ్గర తెల్లగానో ఆకుపచ్చగానో ఎండిన పొర ఉంటే అక్కడి నుంచి కారుతోంది.

బెల్టు, పంపు. వాటర్ పంపును బెల్టు తిప్పే బండ్లలో పగుళ్లు, వదులు చూడండి. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. దాని నుంచి చారలు దిగి ఉంటే లోపలి సీలు పోయింది.

కారుడు. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరచండి. ఏసీ నీళ్లకు రంగు, జిగట ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది. రుచి చూడొద్దు, అది విషం. సెల్లార్‌లో కుక్కలు, పిల్లులు తిరుగుతుంటే ఆ మడుగును వెంటనే కడిగేయండి. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి, అద్దానికి లోపలి నుంచి జిడ్డు మంచు పడుతుంటే హీటర్ కోర్ (హీటర్‌లోని ఆ బుల్లి రేడియేటర్) కారుతోంది. అట్టముక్క దాన్ని పట్టుకోలేదు.

ఇక జాలీ సంగతి. ఇక్కడ నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. నా పాత కారు సిగ్నళ్లలో, ఏసీ వేస్తేనే వేడెక్కేది. టార్చి వేసి ముందు నుంచి చూశాను, తళతళలాడుతోంది. ఒక గ్యారేజీలో థర్మోస్టాట్, మూత, చివరికి ఫ్యాన్ మోటారు కూడా మార్చారు. రెండు వారాలకు మళ్లీ అదే. తర్వాత ఒక పెద్దాయన రేడియేటర్ పై బోల్టులు రెండు వదులు చేసి, దాన్ని ఇంజిన్ వైపు కాస్త వంచి, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య వేళ్లు పెట్టి కంబళి ముక్కలాంటిది లాగాడు. దుమ్ము, ఆకులు, దూది, పురుగులు కలిసి పేరుకున్న పొర. ముందు నుంచి నాకు కనబడింది కండెన్సర్ మాత్రమే. మెట్రో పనులో ఫ్లైఓవర్ పనులో జరిగే రోడ్ల మీద రోజూ తిరిగే బండ్లకు ఇది ముందుగా చూడాల్సిన చోటు.

శుభ్రం చేసేటప్పుడు నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు గొట్టంతో కొట్టండి. కార్‌వాష్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే జాలీ రెక్కలు వంగిపోయి ఉన్న దారీ మూసుకుంటుంది.

ఆయిల్. డిప్‌స్టిక్ తీసి చూడండి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే బండి స్టార్ట్ చేయకండి. వానాకాలంలో రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి ఆయిల్ మూత లోపల మాత్రమే కాస్త మీగడలాంటిది పడితే అది తేమ, కంగారు అక్కర్లేదు.

5. ఇంజిన్ నడుస్తుండగా: వరస తప్పకండి

బండిని ఆరుబయట పెట్టండి. సెల్లార్‌లో ఇరవై నిమిషాలు ఇంజిన్ నడపడం ప్రాణాంతకం, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు ఏవీ బెల్టు దగ్గరికి రాకూడదు.

మొదటి మెట్టు. కూలెంట్ నిండుగా ఉందని తేల్చుకుని, మూత బిగించి, స్కానర్ తగిలించి, ఏసీ ఆపి స్టార్ట్ చేయండి. అంకె మెల్లగా, ఒకే తీరుగా పెరగాలి.

రెండో మెట్టు. స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లో, ఇంకా వేడెక్కకముందే, పై హోస్ రాయిలా బిగుసుకుందా? అలా అయితే సిలిండర్‌లోని ఒత్తిడి నీళ్లలోకి వస్తోంది. పరీక్ష అక్కడే ఆపి 7వ భాగం చదవండి.

మూడో మెట్టు. 80 దాటేదాకా పై హోస్ గోరువెచ్చగానే ఉండి, థర్మోస్టాట్ తెరుచుకోగానే చురుక్కుమనాలి. స్కానర్ 98 చూపిస్తున్నా పై హోస్ చల్లగానే ఉందంటే థర్మోస్టాట్ మూసుకుపోయింది, లేదా గాలి అడ్డం పడింది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది హోస్ వైపు ఉంటుంది. ఆ బండ్లలో ఈ మార్పు కింది హోస్‌లో చూడాలి. ఏ వైపు ఉందో తెలుసుకోకుండా తీర్పు ఇవ్వకండి.

నాలుగో మెట్టు. బాగా వేడెక్కాక పై హోస్ కాలుతూ, కింది హోస్ దానికన్నా కాస్త తక్కువ వేడితో ఉండాలి. పైది కాలుతుండగా కిందిది చల్లగా ఉంటే రేడియేటర్‌లో దారి మూసుకుంది, లేదా పంపు తోయడం లేదు. రెండూ ఒకే వేడితో ఉంటే నీళ్లు తిరుగుతున్నాయి, గాలి మాత్రం వేడిని లాగడం లేదు.

ఐదో మెట్టు, ఫ్యాన్. ఏసీ లేకుండా అంకె పెరుగుతూ పోనివ్వండి. చాలా కార్లలో 93 నుంచి 100 మధ్య ఎక్కడో ఫ్యాన్ అందుకుంటుంది. అంకె ఐదారు డిగ్రీలు దిగాక ఆగుతుంది. 105 దాటినా కదలకపోతే ఏసీ వేసి చూడండి.

- ఏసీ వేయగానే తిరిగింది: మోటారు బాగుంది. టెంపరేచర్ సెన్సర్, దాని వైరింగు చూడాలి.
- ఏసీ వేసినా తిరగలేదు: ముందు ఫ్యూజు. తర్వాత రిలే. పెట్టెలో అదే నంబరు ఉన్న హారన్ రిలేనో మరోటో తీసి దీని స్థానంలో పెట్టండి. తిరిగితే దొంగ దొరికినట్టే.
- రిలే మార్చినా లేదు: మోటారు ప్లగ్గు దగ్గర టెస్ట్ లాంప్ పెట్టండి. కరెంటు వస్తోంది, మోటారు కదలదు అంటే మోటారు పోయింది. కరెంటే రాకపోతే వైరింగు.
- తిరుగుతోంది గానీ నీరసంగా: రెండు వేగాల ఫ్యాన్ అయితే ఒక వేగం పోయి ఉండొచ్చు. దాని రెసిస్టర్, రెండో రిలే చూడాలి.

ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ముందు గ్రిల్‌కు ఒక కాగితం పెట్టండి. అతుక్కోవాలి. ఎగిరి బయటికి వస్తే మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారు చేశారు. వెనక్కు లాగాల్సిన గాలిని ముందుకు తోస్తోంది. వినడానికి నవ్వొచ్చే తప్పే గానీ, ఇలాంటి బండి నేను చూశాను.

పాత డీజిల్ బండ్లలో ఫ్యాన్‌ను ఇంజినే తిప్పుతుంది, మధ్యలో జిగట ద్రవంతో పనిచేసే క్లచ్ ఉంటుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపేసి, తాళం తీసి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. కాస్త బరువుగా ఆగాలి. బొంగరంలా తిరిగిపోతే క్లచ్ పోయింది.

6. థర్మోస్టాట్: గిన్నె పరీక్ష, "వాల్వ్ పీకెయ్" సలహా

అనుమానం వస్తే తీసి చూడటం సులువు. దాని మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది, తెరుచుకోవడం మొదలయ్యే వేడి అది. వంటకు మళ్లీ వాడని గిన్నెలో నీళ్లు పోసి, దారంతో థర్మోస్టాట్‌ను అడుగు తగలకుండా వేలాడదీసి కాచండి. ఆ అంకె దాటగానే కదలాలి. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది పదిహేను డిగ్రీలు పడుతుంది. మన ఊళ్లో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి కాబట్టి, 88 అంకె ఉన్నది మరిగే నీళ్లలో పూర్తిగా తెరుచుకోకపోయినా చెడిపోయిందనుకోవద్దు. అసలే కదలకపోతేనే మార్చండి.

ఇక ఆ సలహా. "వాల్వ్ తీసేద్దాం సార్, మన ఎండలకు దాంతోని పనేంది?" ఈ మాట వినని హైదరాబాద్ కారు యజమాని ఉండడు. చలిదేశాల సామాను అన్నట్టు చెబుతారు. నేను ఒప్పుకోను. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పైగా చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే, రేడియేటర్‌కు వెళ్లకుండా నీళ్లు అడ్డదారిలో తిరిగే గొట్టాన్ని మూస్తుంది. దాన్ని పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత వేడి నీరు రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతూ, ఓఆర్ఆర్ మీద ముందుకన్నా ఎక్కువ వేడెక్కొచ్చు. మీరు సెకండ్‌హ్యాండ్ బండి కొని ఉంటే, అది లోపల ఉందో లేదో ముందు తేల్చుకోండి.

7. హెడ్ గ్యాస్‌కెట్ అనుమానం

అందరూ భయపడేది దీనికే. భయపెట్టి బిల్లు చేసేదీ దీని పేరుతోనే. కాబట్టి రుజువు లేకుండా హెడ్ దించనివ్వకండి.

అనుమానం కలిగించేవి:

- బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గిపోవడం
- ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లటి పొగ
- ఉదయం స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ తడబడటం
- చల్లటి ఇంజిన్‌లో మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు (వేడెక్కకముందే ఆపేయాలి)
- ఆయిల్ పాల టీ రంగు, లేదా కూలెంట్‌లో నూనె

రుజువు చేసేవి మూడు. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలం ద్రవం గుండా పంపే పరీక్ష: మండిన వాయువు ఉంటే పెట్రోలు బండికి ద్రవం పసుపవుతుంది. రెండోది సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలవడం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్‌కెట్ పోయినట్టే అనుకోవచ్చు. మూడోది చేతి పంపుతో కూలింగ్ వ్యవస్థకు మూత మీద ఉన్నంత ఒత్తిడి ఎక్కించి పది పదిహేను నిమిషాలు చూడటం. పంపు మీది ఒత్తిడి ముల్లు పడిపోతూ బయట చుక్క కూడా కారకపోతే నీళ్లు లోపలికే పోతున్నాయి.

రుజువైతే ఆ బండిని నడపకండి, టోయింగ్ పెట్టించండి. హెడ్ దించాక చదునుగా ఉందో లేదో మీ కళ్లముందు కొలిపించండి. వంగి ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ (చదును) చేయించాలి. చాలా ఇంజిన్ల హెడ్ బోల్టులు ఒక్కసారి బిగించడానికే చేసినవి, కొత్తవి వేయమనండి. కారుడు ఆపే పొడులు, ద్రవాలు రేడియేటర్‌లో పోయించవద్దు. ఆ చిన్న చిల్లుతో పాటు హీటర్ సన్న గొట్టాలనూ పూడ్చేస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం: గ్యాస్‌కెట్ ఎందుకు పోయింది? ఫ్యాన్ తిరగక వేడెక్కి పోయిందనుకోండి, ఫ్యాన్ సంగతి చూడకుండా గ్యాస్‌కెట్ మార్చితే ఎండాకాలం పూర్తయ్యేలోపే మళ్లీ అక్కడే ఉంటారు.

8. కూలెంట్ నింపి గాలి తీయడం

రిపేరు సరిగ్గా జరిగినా, "చేయించాక కూడా వేడెక్కుతోంది" అనే వాళ్లలో చాలామంది పొరపాటు ఈ చివరి పనిలోనే.

మనకు మంచు గడ్డకట్టే బాధ లేదు కదా, నీళ్లు చాలవా అంటారు. చాలవు. కూలెంట్ మరిగే వేడిని పెంచుతుంది, తుప్పు ఆపుతుంది. బోరు నీళ్లయితే అసలే వద్దు. మీ ఇంటి గీజర్ కాయిల్ మీద, బకెట్ అడుగున పట్టే తెల్లటి పొర చూశారు కదా, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. దారిలో అత్యవసరానికి వాటర్ బాటిల్ పోసినా, వారంలోపు మొత్తం తీయించి సరైనది నింపించండి. గాఢ కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. కలిపే అమ్మే రకమైతే అందులో మళ్లీ నీళ్లు పోయకండి.

నింపే వరస:

- సెల్లార్ ర్యాంపు పైభాగంలో, ఆరుబయట ఉన్న చోట, బండి ముక్కు పైకి ఉండేలా ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాయి పెట్టండి. వాచ్‌మన్‌కు ముందే చెప్పుకోండి, అరగంట దారి ఆపుతున్నారు మరి.
- హీటర్ పూర్తి వేడి వైపు.
- గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి నీళ్లు ధారగా వచ్చేదాకా మెల్లగా పోయండి. తర్వాత బిగించండి.
- స్టార్ట్ చేసి, హోసులు చేత్తో నొక్కుతూ వదులుతూ ఉండండి. స్థాయి దిగిన కొద్దీ పోయండి.
- నీళ్లు పైకి పొంగడం మొదలవకముందే మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి.
- హీటర్ నుంచి వేడి గాలి వస్తోందా? రాకపోతే గాలి ఇంకా లోపలే ఉంది.
- పూర్తిగా చల్లారాక మళ్లీ స్థాయి చూసి నింపండి.

కొన్ని కొత్త కార్లకు వ్యాక్యూమ్ మెషిన్‌తోనే నింపాలి. మాన్యువల్ అలా చెబితే ఈ పని గ్యారేజీకే వదిలేయండి.

9. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు

"బండి హీట్ అవుతోంది, చూడు భాయ్" అంటే ఆయన ఊహించాల్సిందే. "ఏసీ లేకుండా పది నిమిషాలు నిలబడితే 108 చూపిస్తోంది, ఫ్యాన్ ఏసీతో తిరుగుతోంది గానీ ఏసీ లేకుండా తిరగడం లేదు, కూలెంట్ తగ్గడం లేదు" అనండి. సంభాషణ అక్కడితో మారిపోతుంది.

రేడియేటర్ మార్చాలంటే ఎందుకో అడగండి. రాణిగంజ్‌లోనో పుత్లిబౌలీలోనో పార్టు మీరే తెచ్చుకుంటే పాత పార్టు వెంట తీసుకెళ్లి నంబరు, హోస్ మూతుల సైజు, మూత ఒత్తిడి పోల్చుకోండి. మార్చిన ప్రతి పాత పార్టూ వెనక్కు అడగండి. ఒకేసారి మూడు పార్టులు మార్చనివ్వకండి. సమస్య పోయినా ఏది దొంగో తెలియదు, అదే లక్షణం మళ్లీ వస్తే మళ్లీ మూడూ మారుస్తారు.

10. బాగయిందో లేదో తేల్చుకోవడం

గ్యారేజీ నుంచి ఇల్లు చేరడం పరీక్ష కాదు. స్కానర్ తగిలించి, మధ్యాహ్నం ఎండలో ఇంటి ముందే ఏసీతో ఇరవై నిమిషాలు నిలబెట్టండి. అంకె ఫ్యాన్‌తో పాటు ఎక్కుతూ దిగుతూ ఒకే పరిధిలో ఉండాలి. ఆ పరీక్ష నెగ్గితే జూబ్లీహిల్స్ ఎత్తుల్లో రెండు మూడుసార్లు ఎక్కించండి. చివరగా ఓఆర్ఆర్ మీద అరగంట, ఒకే వేగంలో. మొదట ఏ పరిస్థితిలో వేడెక్కిందో ఆ పరిస్థితిని తప్పకుండా మళ్లీ కల్పించండి.

తర్వాత మూడు రోజులు, స్టార్ట్ చేసే ముందు బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. మొదటి రోజు కాస్త దిగొచ్చు, మిగిలిన గాలి బయటికి వచ్చింది కాబట్టి. రెండో రోజు, మూడో రోజు గీత కదలకపోతే బండి కింద పరిచిన అట్టముక్క తీసేయండి. కదిలితే అట్ట మీద మరక ఎక్కడ పడిందో చూసి, దానికి సరిగ్గా పైన ఏముందో టార్చి వేసి వెతకండి. అట్ట పొడిగానే ఉండి గీత మాత్రం దిగుతుంటే, మళ్లీ 7వ భాగం.